ఆరో తరగతి పాపని ఫ్రెండ్స్ పక్కన పెట్టేశారు, సోమవారం వస్తే కడుపునొప్పి. ఏం చెయ్యాలి?

బెళ్ళందూరు_అమ్మ
పోయిన వేసవిలో విజయవాడ నుంచి బెంగళూరు వచ్చాం. అక్కడ మా సందులో పిల్లలతో ఆడుతుంటే రాత్రి అన్నానికి పిలిచినా పలికేది కాదు మా పాప. ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో దాని ఈడు ఆడపిల్లలు ఐదుగురున్నారు. అందరిదీ ఒకే స్కూలు, ఒకే వ్యాను. మొదట్లో బాగానే కలుపుకున్నారు. దసరా సెలవులయ్యాక ఏమైందో తెలీదు, పక్కన పెట్టేశారు. కొట్టరు, తిట్టరు. ఇది దగ్గరికెళ్తే మాటలాపేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వ్యాన్‌లో ఖాళీ సీటు మీద బ్యాగు పెట్టి "ఇక్కడ వేరేవాళ్ళు కూర్చుంటారు" అంటారు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి పుట్టినరోజు. మిగతా నలుగురూ వెళ్ళారు. దీన్ని పిలవలేదని వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు చూస్తేగానీ నాకు తెలీలేదు. దానికి ముందే తెలుసట, నాతో చెప్పలేదు.

సాయంత్రం కిందకి వెళ్ళేముందు బాల్కనీ గ్రిల్ పట్టుకుని ఎవరెవరున్నారో చూసుకుంటుంది. వాళ్ళుంటే "హోంవర్క్ ఉంది" అని ఆగిపోతుంది. ఈమధ్య లంచ్ డబ్బాలో చెగోడీలు ఎక్కువ పెట్టమంటోంది. దానికి చెగోడీలంటే పడదు. ఎందుకమ్మా అంటే "ఊరికే, అందరూ తింటారు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం పొద్దున కడుపునొప్పి. పిల్లల డాక్టరు అన్నీ చూసి ఏమీ లేదన్నారు. శనివారం ఆ నొప్పి రాదు. క్లాస్ టీచర్‌ని అడిగితే "చాలా క్వయెట్ అండీ, ఏ గొడవా లేదు" అన్నారు. మావారేమో "పిల్లలన్నాక ఇవాళ కటీఫ్, రేపు దోస్తీ" అంటారు. ఆ పిల్లల అమ్మలతో మాట్లాడనా? స్కూలు మార్చనా? ఇల్లే మారిపోదామా?

కడప_కారం
అమ్మలతో మాత్రం మాట్లాడకండక్కా. మా బ్లాకులో ఇలాగే పిల్లల గొడవని పెద్దలు నెత్తికెత్తుకున్నారు. ఇప్పటికీ ఆ రెండు కుటుంబాలు లిఫ్టులో ఎదురుపడితే ఒకరు దిగిపోయి మెట్లెక్కుతారు. ఏడో అంతస్తు. పిల్లలు మాత్రం మర్నాడే కలిసి షటిల్ ఆడుకున్నారు.

సర్జాపూర్_నాన్న
నేను మీవారి వైపే. అన్నిటికీ మనం అడ్డం పడితే రేపు కాలేజీలో, ఆఫీసులో ఎవరొస్తారు? ఇంట్లో అమ్మానాన్నల ప్రేమ గట్టిగా ఉంటే బయట నలుగురు పలకరించకపోయినా పిల్లలు తట్టుకుంటారు. మా చిన్నప్పుడు ఈ కౌన్సెలింగులూ అవీ లేవు. బాగానే పెరిగాం.

మారతహళ్ళి_తాతయ్య
సర్జాపూర్ బాబూ, మాది ఒంగోలు దగ్గర పల్లె. ఒక జట్టు వెళ్ళగొడితే ఇంకో జట్టు ఉండేది. మేనత్త కొడుకులు, పెదనాన్న పిల్లలు, పక్కింటివాళ్ళు, ఈడుతో పని లేకుండా అందరం చెరువు గట్టు మీదే. ఇక్కడ నా మనవడికి ఉన్నది ఒక్క గేటు లోపలి పిల్లలే. వాళ్ళు వద్దంటే వాడికి ఇంక సాయంత్రం లేదు. పైగా మా హాస్టల్లో ఒక కుర్రాడుండేవాడు, నోట్లో మాట నోట్లోనే. అందరూ ఆటపట్టించేవాళ్ళు. తొమ్మిదో తరగతిలో ఒక రాత్రి ట్రంకు పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోయాడు, చదువు మళ్ళీ సాగలేదు. బాగానే పెరిగాం అని చెప్పుకునేటప్పుడు అతన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

యలహంక_టీచర్
నేను ఐదు నుంచి ఎనిమిది తరగతుల దాకా చెప్తాను. చెగోడీల దగ్గర ఆగిపోయాను. పిల్లలు రబ్బర్లు, స్టిక్కర్లు, తినుబండారాలు పంచిపెట్టడం ఉన్నట్టుండి మొదలుపెట్టారంటే చాలాసార్లు అది పక్కన కూర్చునే చోటు కోసమే. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

"ఏ గొడవా లేదు" అని టీచర్ చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. క్లాసులో మా కంటికి ఆనేవి అరుపులూ కొట్లాటలే. మాటలాపెయ్యడం, సీటు మీద బ్యాగు పెట్టడం, పుట్టినరోజుకి ఒక్కర్ని వదిలెయ్యడం ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కవు. అమెరికాలో నికీ క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ 1995లో దీన్నే విడిగా పరిశీలించి చూపించారు. చెయ్యెత్తకుండా, స్నేహాన్నే అడ్డం పెట్టుకుని బాధపెట్టే పద్ధతి ఇది. నార్వేలో డాన్ ఓల్వేయస్ బుల్లీయింగ్‌కి చెప్పిన గుర్తులు మూడు. కావాలని చెయ్యాలి, పదేపదే చెయ్యాలి, అవతలివాళ్ళు ఎదురు తిరగలేని స్థితిలో ఉండాలి. మీరు రాసినదాంట్లో మూడూ ఉన్నాయి. ఆ దేశంలో 1982లో ముగ్గురు మగపిల్లలు తోటివాళ్ళ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. మరుసటి ఏడే దేశమంతా స్కూళ్ళలో దీన్ని ఆపడానికి కార్యక్రమం మొదలుపెట్టారు. పిల్లల గొడవలే కదా అని ఊరుకోని దేశాలు కూడా ఉన్నాయి.

మళ్ళీ టీచర్‌ని కలవండి. "మా పాప ఎలా ఉంది" అని అడిగితే మళ్ళీ అదే జవాబొస్తుంది. "లంచ్‌లో ఎవరి పక్కన కూర్చుంటోంది? గ్రూప్ ప్రాజెక్టుకి దీన్ని ఎవరు పిలుస్తున్నారు? క్లాసులో నెమ్మదైన పిల్లలెవరు?" అని అడగండి. వారం చూసి చెప్పమనండి. ఆ మూడో ప్రశ్న మర్చిపోకండి. సీబీఎస్‌ఈ స్కూలైతే బుల్లీయింగ్ చూసే కమిటీ ఒకటి ఉండాలని 2015లోనే బోర్డు చెప్పింది. ఉందో లేదో కూడా కనుక్కోండి.

బెళ్ళందూరు_అమ్మ
మావారికి మీ పోస్టు చూపించాను. చదివి ఏం మాట్లాడలేదు. ఇవాళ మాత్రం వ్యాన్ దాకా తనే వెళ్ళి, అది సీట్లో కూర్చునేదాకా నిలబడ్డారట.

నిమ్మచెట్టు
పిల్లల కౌన్సెలింగ్ నా పని, జయనగర్ వైపు ఉంటాను.

సర్జాపూర్ గారూ, అమ్మానాన్నల ప్రేమ పునాదే. కానీ తోటిపిల్లలు చేసే పని అది చెయ్యలేదు. ఇంట్లో మనం పిల్లల దగ్గర కావాలనే ఓడిపోతాం, అలిగితే బతిమాలతాం. ఈడు పిల్లలు ఓడిపోరు, బతిమాలరు. తగ్గడం, బేరమాడటం, మాట పోయాక మళ్ళీ వెళ్ళి కలవడం వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక నాజీల టెరెజిన్ శిబిరం నుంచి ఆరుగురు పసివాళ్ళని ఇంగ్లండ్ తీసుకొచ్చారు. మూడేళ్ళకి అటూ ఇటూ. తల్లిదండ్రులు లేరు. అన్నా ఫ్రాయిడ్, సోఫీ డాన్ ఆ పిల్లల గురించి 1951లో వివరంగా రాశారు. పెద్దవాళ్ళు దగ్గరికొస్తే కొట్టేవాళ్ళు, కొరికేవాళ్ళు. తమలో ఒకరు కాసేపు కనిపించకపోతే మాత్రం తల్లడిల్లిపోయేవాళ్ళు. తిండి దగ్గర ముందు పక్కవాడికి అందిందా అని చూసుకునేవాళ్ళు. పెద్ద దిక్కు లేని చోట ఆ ఆరుగురే ఒకరికొకరు దిక్కయ్యారు. తోటిపిల్లల అవసరం ఎంత లోతుగా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ తెలీదు.

ఇక కడుపునొప్పి. దాన్ని వేషాలు అనుకోకండి, నిజంగానే వస్తుంది. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్టు తయారుచేసిన ఒక కంప్యూటర్ బంతాట ఉంది. ముగ్గురు ఆడుతున్నారని నమ్మిస్తారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు బంతి వెయ్యడం మానేస్తారు. అంతే, ఇంకేమీ ఉండదు. ముక్కూమొహం తెలీనివాళ్ళు బంతి ఇవ్వకపోతేనే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. 2003లో మెదడు స్కాన్ తీస్తూ ఈ ఆట ఆడిస్తే, దెబ్బ తగిలినప్పటి బాధలో పాలుపంచుకునే భాగమే అప్పుడూ చురుగ్గా కనబడింది. పదకొండేళ్ళ పిల్లకి రోజూ వ్యాన్‌లో అదే జరుగుతుంటే ఎలా ఉంటుందో చూడండి.

కోలారు_పిల్ల
మేం ఇక్కడివాళ్ళమే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. బయటి నుంచి వచ్చిన పిల్లలకి ఇంకో చిక్కుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. క్లాసులో ఇంగ్లీషు ఒకటే అయినా గ్రౌండ్‌లో జోకులు హిందీలో నడుస్తాయి, బస్సు డ్రైవరన్నతో కన్నడ, గొడవొస్తే అన్నీ కలిపి. విజయవాడ నుంచి వచ్చిన పిల్లకి జోకు అర్థమయ్యేసరికి అందరూ నవ్వడం అయిపోతుంది. రెండుసార్లు ఆలస్యంగా నవ్వితే "ఇది స్లో" అని పేరు పెట్టేస్తారు. అక్కా, పాపకి హిందీ, కన్నడ ఎంత వచ్చు?

బెళ్ళందూరు_అమ్మ
హిందీ చదువుతుంది, మాట్లాడటం రాదు. కన్నడ ఇప్పుడే అక్షరాలు. మీరు చెప్పింది నాకు తట్టనే లేదు. ఒకసారి "అమ్మా, వాళ్ళు నవ్వితే నా గురించేనా కాదా ఎలా తెలుస్తుంది" అని అడిగింది.

కోలారు_పిల్ల
అయితే అదే. మా వీధి చివర కన్నడ నేర్పే ఒక ఆంటీ ఉంది, నాతోపాటు ఒక మార్వాడీ అమ్మాయి వచ్చేది. ఇద్దరికీ చదవడం రాదు. తప్పులు కలిసి చదివాం. ఇప్పటికీ నా ప్రాణస్నేహితురాలు అదే. ఇద్దరికీ రాని పని ఏదైనా ఒకటి పెట్టండి. డాన్సో, కరాటేనో, ఈతో. అక్కడ అందరూ మొదటి మెట్టు మీదే ఉంటారు.

ఇద్దరబ్బాయిల_తల్లి
మా ఇంట్లో దీనికి పూర్తిగా తలకిందులు. పెద్దవాడు ఎనిమిదో తరగతి. వాడికి ఫ్రెండ్స్ ఎక్కువైపోయారు. ఒక్కడే ఉంటే సైకిల్ తొక్కాలన్నా హెల్మెట్ వెతుక్కునే పిల్లాడు, ముగ్గురు చేరితే బేస్‌మెంట్ ర్యాంపు మీద స్కూటీ నడిపారు. సెక్యూరిటీ వాళ్ళు ఫుటేజి పంపితే వీడేనా అనిపించింది. మావారు అందరితోనూ మాట బంద్ అన్నారు. వాడు గది తలుపేసుకున్నాడు, రెండో రోజుకి తిండి కూడా మానేశాడు. ఒంటరిగా ఉన్నా బాధే, గుంపులో ఉన్నా బాధే.

నిమ్మచెట్టు
ఇద్దరబ్బాయిల తల్లిగారూ, మీవాడు మామూలు పిల్లాడే. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక కారు ఆట ఆడించారు. సిగ్నల్ పసుపు పడ్డాక ఆగాలా, ఇంకొంచెం పోనివ్వాలా అన్నదే ఆట. 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఫ్రెండ్స్ చూస్తున్నప్పుడు చాలా ఎక్కువ తెగించారు. పెద్దవాళ్ళలో ఆ తేడా లేదు. ఆ వయసులో స్నేహితుల చూపే ఒక మత్తు. అందర్నీ తెంపేస్తే మత్తు పోదు, దొంగచాటు మొదలవుతుంది. ఆ ముగ్గుర్నీ మీ ఇంట్లోనే కూర్చోబెట్టండి. తాళం చెవులు మీ దగ్గర పెట్టుకోండి.

ఇద్దరబ్బాయిల_తల్లి
ముగ్గురూ ఇంట్లో కూర్చుంటే నెలకి బియ్యం బస్తా ఇంకోటి తెప్పించుకోవాలి. అయినా సరే, ర్యాంపు కంటే నయం.

నిమ్మచెట్టు
బెళ్ళందూరు అమ్మగారి దగ్గరికి మళ్ళీ వస్తున్నా, అసలు విషయం చెప్పనే లేదు.

స్నేహితులు లేరు అనే పిల్లలందర్నీ ఒకే గాట కట్టకూడదు. 1982లో జాన్ కోయీ, కెన్నెత్ డాడ్జ్ వాళ్ళు పిల్లల్నే "నీకు ఎవరిష్టం, ఎవరిష్టం లేదు" అని అడిగి విడదీశారు. కొందరి పేరు ఎవరూ చెప్పరు, ఇష్టం లేదనీ చెప్పరు. వాళ్ళు కంటికి కనపడని పిల్లలు. కొందర్ని మాత్రం చాలామంది "ఇష్టం లేదు" అంటారు. మొదటి రకం క్లాసు మారితే, కొత్త ఊరొస్తే చాలాసార్లు సర్దుకుంటారు. రెండో రకానికి ఊరు మారినా అదే వెంట వస్తుంది, ఎందుకంటే అందులో కొందరికి ఇంకొకరి ఆటలోకి ఎలా దూరాలో తెలీదు, గబుక్కున కోపం. మీ పాప విజయవాడలో అందరితో కలిసింది కాబట్టి కలవడం దానికి వచ్చు. అందుకే స్కూలు మార్చే తొందర వద్దంటాను.

ఇంకోటి. నలుగురికీ నచ్చడం వేరు, ఒక స్నేహం ఉండటం వేరు. జెఫ్రీ పార్కర్, స్టీవెన్ ఆషర్ 1993లో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని చూశారు. క్లాసులో పెద్దగా ఎవరికీ నచ్చని పిల్లల్లోనూ చాలామందికి ఒక ప్రాణస్నేహితుడు ఉన్నాడు. ఉన్నవాళ్ళకి ఒంటరితనం తక్కువ. ఆ తర్వాత 1999లో ఎర్నెస్ట్ హాడ్జెస్ వాళ్ళు చూసింది ఇంకా పనికొస్తుంది. వేధింపులకి గురయ్యే పిల్లల్లో మామూలుగా బాధ పెరుగుతుంది, దాన్ని చూసి ఇంకా వేధిస్తారు. ఒక్క బెస్ట్ ఫ్రెండ్ ఉన్నవాళ్ళలో ఈ చక్రం తెగింది. ఆ ఐదుగురి మనసు గెలవడం మీద శక్తి పెట్టకండి. ఒక్కరు చాలు, అటూ ఇటూ ఇష్టం ఉండాలి.

సర్జాపూర్_నాన్న
ఒక్కరు చాలు అంటే వినడానికి బాగుంది. ఆ ఒక్కరూ ఊరెళ్ళిపోతే? ఇక్కడ ఎవరి ప్రాజెక్టు ఎప్పుడు ఎక్కడికి మారుతుందో తెలీదు. మా పాప బెస్ట్ ఫ్రెండ్ వాళ్ళు మార్చిలో పూణె వెళ్ళిపోయారు. నెలరోజులు ఇంట్లో శ్మశానం.

డిగ్రీ_రెండో_ఏడు
పిల్లల వైపు నుంచి ఒకటి చెప్తాను. నాకు పదో తరగతిలో ఒక్క బెస్ట్ ఫ్రెండే. రాత్రి పదకొండింటికి ఫోన్ మొదలుపెడితే ఒంటిగంట. రోజూ అవే మాటలు. వాడు అలా ఎందుకన్నాడు, మీ అమ్మ అలా ఎందుకు చేసింది, మనకే ఎందుకిలా. ఏడ్చి పడుకునేవాళ్ళం. దానికన్నా దగ్గరివాళ్ళు నాకు ఎవరూ లేరు, దానితో మాట్లాడాక ఉన్నంత దిగులూ ఎప్పుడూ లేదు. మా అమ్మ "పోనీలే, ఒక్క స్నేహితురాలైనా ఉంది" అని సంతోషపడేది. కాబట్టి స్నేహం ఉంది అని తెలిస్తే సరిపోదు, ఆ స్నేహంలో ఏం జరుగుతోందో చూడండి.

నిమ్మచెట్టు
నూటికి నూరుపాళ్ళు నిజం. అమాండా రోజ్ అనే ఆవిడ 2002 నుంచీ దీన్నే చదువుతోంది. ఒకే బాధని ఇద్దరూ కలిసి తిప్పితిప్పి మాట్లాడుకుంటూ ఉంటే స్నేహం గట్టిపడుతుంది, ఆడపిల్లల్లో దిగులు కూడా పెరుగుతుంది. మాట్లాడుకోవద్దని అర్థం కాదు. మాటల మధ్యలో చేతులకి ఏదైనా పని ఉండాలి, నవ్వుకునే సంగతి ఒకటి ఉండాలి.

కడప_కారం
ఫ్రెండ్స్ లేకపోతే కడుపునొప్పి, ముగ్గురుంటే స్కూటీ, ఒక్కరుంటే రాత్రి ఒంటిగంట దాకా ఏడుపు. డాక్టరమ్మా, మోతాదు రాసివ్వండి.

నిమ్మచెట్టు
డాక్టర్ని కాదు బాబూ, కౌన్సిలర్ని. మోతాదు పిల్లల్ని చూశాకే.

యలహంక_టీచర్
ఆ ఐదుగురి గురించి ఒక మాట. ఐదుగురూ ఒకటి కారు. ఫిన్లండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లీ క్లాసుల్లో ఇది చూసి చెప్పింది. ఒకరు మొదలుపెడతారు, ఒకరిద్దరు వంత పాడతారు, ఒకరు నవ్వుతారు, ఒకరు తల తిప్పుకుంటారు. మిగతావాళ్ళు నవ్వడం మానేస్తే మొదలుపెట్టినవాళ్ళకి ఊపు పోతుంది. ఆ దేశంలో ఈ ఆలోచన మీదే ఒక కార్యక్రమం కట్టి 2009 నుంచి స్కూళ్ళన్నిటికీ ఇచ్చారు. మా క్లాసులో నేను చేసేదీ అదే. నాయకురాలి జోలికి వెళ్ళను. తల తిప్పుకునే పిల్లని పిలిచి "రేపు వ్యాన్‌లో దాని పక్కన నువ్వు కూర్చుంటావా" అని అడుగుతాను. చాలామంది కూర్చుంటారు, ఎవరో ఒకరు అడగాలనే ఎదురుచూస్తుంటారు.

మారతహళ్ళి_తాతయ్య
నేనన్న చెరువు గట్టు మాట మళ్ళీ ఎత్తుతున్నాను. ఈడు పిల్లలే ఎందుకు? ఆ పాపని చిన్నపిల్లలతో ఆడనివ్వండి. మా మనవడు తనకన్నా చిన్నవాళ్ళకి క్యారమ్స్ నేర్పుతూ నోరు విప్పాడు.

నిమ్మచెట్టు
తాతగారూ, మీరు చెప్పినదాన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. 1979లో విన్‌డల్ ఫర్మన్, డాన్ రాహె, విలర్డ్ హార్టప్ ముడుచుకుపోయే నర్సరీ పిల్లల్ని కొందర్ని తమకన్నా చిన్నవాళ్ళతో జంట కలిపి ఆడించారు. ఈడువాళ్ళతో ఆడినవాళ్ళకన్నా వీళ్ళే తర్వాత క్లాసులో బాగా కలిశారు. చిన్నవాళ్ళ దగ్గర ఆట నడిపించే అవకాశం దొరుకుతుంది కదా.

మోడరేటర్
కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక విషయం. పిల్లలు వారాల తరబడి స్కూలుకి వెళ్ళనంటున్నా, నిద్రా తిండీ తప్పినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాటన్నా ఇక్కడి సలహాలతో ఆగకండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైంది, మన ఊళ్ళోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే దాన్ని నడిపించే ప్రధాన కేంద్రం. నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం విడిగా ఉంది. పిల్లల సాయానికి 1098 కూడా ఉంది.

బెళ్ళందూరు_అమ్మ
చాలా జరిగింది, చెప్తాను. టీచర్‌ని ఆ మూడు ప్రశ్నలూ అడిగాను. వారం చూసి ఆవిడే ఫోన్ చేశారు. పాప లంచ్ స్టాఫ్‌రూమ్ మెట్ల దగ్గర తింటోందట. అదే మెట్ల మీద, ఇంకో సెక్షన్ అమ్మాయి కూడా తింటుందట. హొసూరు వైపు నుంచి కొత్తగా వచ్చింది, తమిళం మాట్లాడుతుంది. ఇద్దరూ రెండు చివర్ల కూర్చునేవాళ్ళట. టీచర్ ఇద్దరికీ కలిపి సైన్స్ ఎగ్జిబిషన్ పని ఇచ్చారు.

శనివారం ఆ పాపని మా ఇంటికి పిలిచాం. నిమ్మచెట్టు గారు చెప్పినట్టు చేతికి పని పెట్టాను. అట్టపెట్టెతో నీటి చక్రం చెయ్యాలి. మొదటి గంట "కత్తెర ఇవ్వు", "గమ్ ఎక్కడ" తప్ప మాటల్లేవు. తర్వాత చక్రం తిరక్కుండా విరిగిపోయింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. దసరా తర్వాత మా ఇంట్లో ఆ నవ్వు వినడం అదే మొదలు. మావారు లాప్‌టాప్ మూసి వచ్చి నిలబడ్డారు. కడుపునొప్పి పూర్తిగా పోలేదు, సోమవారం వస్తూనే ఉంది. స్కూలు మానడం మాత్రం లేదు.

ఇప్పుడు కొత్త టెన్షన్. ఆ ఐదుగురిలో ఒకమ్మాయి వాళ్ళు ఊరెళ్ళారు. ఆటలో ఒకరు తక్కువయ్యారని దీన్ని పిలిచారు. ఇది ఎగిరి గంతేసి వెళ్ళింది. వరసగా రోజూ వెళ్తోంది. నిన్న ఆ హొసూరు పాప ఫోన్ చేస్తే "తర్వాత చేస్తానని చెప్పమ్మా" అని కిందకి పరిగెత్తింది. ఆ పాప లైన్లో ఉండి "పర్లేదు ఆంటీ" అంది. నాకు గుండె కలుక్కుమంది. దీన్ని ఏమనాలి?

కడప_కారం
అయ్యో. ఆ పాప "పర్లేదు ఆంటీ" అన్నదే నాకూ తగులుతోంది.

సర్జాపూర్_నాన్న
ఏమనకండి. ఐదుగురితో కలవాలని ఇన్నాళ్ళూ ఏడ్చింది, కలిసింది. ఎవరితో ఉండాలో దాన్నే తేల్చుకోనివ్వండి.

డిగ్రీ_రెండో_ఏడు
నేను ఒప్పుకోను. పక్కన పెట్టడం ఎలా ఉంటుందో తెలిసిన పిల్లే ఇంకొకర్ని పక్కన పెడుతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడు చెప్తారు? నన్ను ఎనిమిదిలో ఇలాగే వదిలేసిన అమ్మాయి మొన్న ఇన్‌స్టాలో "హాయ్" పెట్టింది. జవాబివ్వలేదు.

యలహంక_టీచర్
ఇద్దరి మాటలోనూ సగం తీసుకుంటాను. వాళ్ళతో ఆడొద్దని చెప్పకండి, తలుపు తెరుచుకున్నప్పుడు ఏ పిల్లైనా లోపలికే పరిగెడుతుంది. అంతకాలం ఆకలిగా ఉన్న పిల్ల. కానీ హొసూరు పాప విషయంలో మీరు ఊరుకోకూడదు. "నువ్వు కూడా వాళ్ళలాగే చేస్తున్నావు" అని మాత్రం అనకండి. ఆ మాట పదకొండేళ్ళకి చాలా బరువు, సిగ్గుతో ఇంకా దూరం జరుగుతుంది. "ఇవాళ తనకి ఏ టైముకి ఫోన్ చేస్తావు" అని అడగండి, ఆ టైముకి ఫోన్ చేతికివ్వండి. శనివారం నీటి చక్రం పని ఆపొద్దు. అది ఇద్దరి ప్రాజెక్టు, మార్కులూ ఇద్దరివీ. టీచర్‌గా నాకు తెలిసిన గట్టి ముడి అదొక్కటే.

నిమ్మచెట్టు
టీచర్ గారితో నేనూ. ఊరెళ్ళిన అమ్మాయి తిరిగొచ్చే రోజుకి కూడా సిద్ధంగా ఉండండి. ఆ రోజు మళ్ళీ వ్యాన్‌లో బ్యాగు పడొచ్చు. ఆ ఐదుగురిలో ఈ రోజుల్లో దీనితో నిజంగా బాగున్నది ఎవరో ఇప్పుడే గమనించండి. టీచర్ గారన్న తల తిప్పుకునే పిల్ల ఆ అమ్మాయే అయ్యుండొచ్చు. ఒక సాయంత్రం ఆ ఒక్కదాన్నే ఇంటికి పిలవండి.

బెళ్ళందూరు_అమ్మ
ఎవరో నాకు తెలుసు. కళ్ళజోడు పిల్ల. నిన్న మా పాప షటిల్ బ్యాట్ కింద మర్చిపోతే పైకి తెచ్చి ఇచ్చి వెళ్ళింది.

కోలారు_పిల్ల
అయితే రేపే పిలవండక్కా, ఊరెళ్ళిన ఆ పిల్ల తిరిగి రాకముందే.

మారతహళ్ళి_తాతయ్య
అందరికీ ఒక ప్రతిపాదన. ఆదివారం పొద్దున కబ్బన్ పార్కు బాలభవన్ దగ్గరికి నా మనవడిని తీసుకెళ్తాను. ఈడు లెక్క లేకుండా మీ పిల్లల్నీ తీసుకురండి. ఏ గేటూ ఉండదు, ఎవరి బ్లాకు ఏదని ఎవరూ అడగరు. క్యారమ్స్ బోర్డు నేను తెస్తాను.

ఇద్దరబ్బాయిల_తల్లి
మావాళ్ళిద్దరూ, ఆ ఇంకో ఇద్దరూ. పులిహోర నాది. స్కూటీ తాళం ఇంట్లోనే ఉంటుంది.

సర్జాపూర్_నాన్న
మా పాపని తీసుకొస్తాను. పూణె ఫ్రెండ్ వెళ్ళినప్పటి నుంచి ఆదివారాలు ఖాళీగానే ఉంటోంది. నెట్ కట్టడానికి చోటు దొరుకుతుందా అక్కడ? షటిల్ నేర్పగలను.

బెళ్ళందూరు_అమ్మ
మేం వస్తాం. హొసూరు పాప వాళ్ళమ్మని ఇప్పుడే అడిగాను, సరే అన్నారు. సర్జాపూర్ గారూ, మీ పాప ఏ తరగతి?

సర్జాపూర్_నాన్న
ఏడు.